పెంకుల మీదికి విసిరేసిన పన్ను

సారం పేటలో మందుల షాపు పైనున్న పళ్ళ డాక్టరు దగ్గరికి మెట్లెక్కుతుంటే సగం దారిలోనే లవంగ నూనె వాసన ఎదురొచ్చింది. చిన్ననాటి సంగతులు రాసేవాళ్ళకి ఏ మల్లెపూల వాసనో, తడిసిన మట్టి వాసనో తగిలి మనసు కరిగిపోతుందంటారు. నాకు ఈ వాసన తగిలితే ఒళ్ళు మండుతుంది. నలభై అయిదేళ్ళొచ్చాయి, మా నాయన పోయి చాలా కాలమైంది, అవ్వ అంతకుముందే పోయింది, అయినా ఆ మంట చల్లారలేదు. పై వరసలో ముందుపళ్ళు రెండింటిలో ఎడమది నాది కాదు, తీసి పెట్టుకునే గులాబీరంగు ప్లేటుకి అతికించిన ముక్క. పోయిన వారం దాని తీగ విరిగింది కాబట్టి ఈ మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

మా ఇల్లు నెల్లితోపులో, మార్కెట్టుకి రెండు వీధుల అవతల. తాతల కాలం నుంచి ఈ తమిళ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బడిలోనూ తమిళమే. ఈ అక్షరాలు పెళ్ళయ్యాక కూర్చుని నేర్చుకున్నవి. తెల్లవారగానే నాయన పనిచేసే మిల్లు సైరను, దాని వెనకే టౌన్ బస్సుల హారన్లు, చేపల బుట్టల వాసనతో కలిసిపోయిన పూల బుట్టల వాసన, ఐప్పసి నెల వానలకి పెంకుల సందుల్లోంచి కారే నీళ్ళకింద అమ్మ పెట్టిన గిన్నెల టపటపలు, దీపావళికి నాలుగు రోజుల ముందునుంచే వంటింట్లో మురుకుల నూనె పొగ, మాసి మగం పండగ నాడు చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళందరినీ సముద్రానికి తెచ్చినప్పుడు ఇసకలో కూర్చుని తిన్న సుండలనే శనగ గుగ్గిళ్ళు, కారం అద్దిన మామిడికాయ ముక్కలు, ఇవన్నీ నాకూ ఉన్నాయి. అన్నిటినీ ముందుపళ్ళతోనే పట్టేదాన్ని. చెరుకు గడ చీల్చడానికీ, పూలదారం తెంపడానికీ, పెన్ను మూత తీయడానికీ అవే. నవ్వితే వీధి చివరిదాకా వినబడేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

మా వీధి మలుపులో బోరింగు ఉండేది. దాని పిడి పొడుగాటి ఇనుప కడ్డీ, ఇద్దరు పిల్లలు వేలాడితేగాని కిందికి దిగేది కాదు. నాకప్పుడు పదేళ్ళు. నాకన్నా రెండేళ్ళు పెద్దవాడైన మా అన్నా, నేనూ కలిసి కొడుతుంటే, ఐసువాడి గంట వినబడేసరికి వాడు చెయ్యి వదిలేసి పరిగెత్తాడు. పిడి ఎగిరొచ్చి నా మూతికి తగిలింది. అమ్మ వచ్చి చూసేసరికి పన్ను సగానికి విరిగి, ఆ ముక్క నా అరచేతిలో ఉంది. శుభ్రంగా, తెల్లగా, ఎక్కడా నలగకుండా ఉంది. ఆ క్షణాన దాన్ని ఓ గ్లాసు పాలల్లో వేసి డాక్టరు దగ్గరికి పరిగెత్తి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

మా ఇంట్లో పళ్ళ వ్యవహారం అవ్వది, అంటే నాయన తల్లిది. పాలపన్ను ఊడితే దాన్ని పేడముద్దలో పెట్టి, ఇంటివైపు వీపు తిప్పి, తల మీదుగా పెంకుల మీదికి విసరాలి, తిరిగి చూడకూడదు. చూడకపోతే కొత్తది చక్కగా వస్తుంది. అవ్వ నా నోరు తెరిచి చూసింది.

"ఏంది దీనికింత ఏడుపు? పదేండ్లు గూడా ఇంగా సరిగ్గా నిండలా, ఇది పాలపల్లే. మిగతాది గూడా రాలిపోయి కొత్తది కండిప్పుగా వస్తాది."

"ఇది రెండో పల్లు అత్తా. ఊడలా, ఇరిగింది" అంది అమ్మ గొణుగుతూ.

"ఎనిమిదిమందిని కన్నా. నాకు తెలీదా?"

పాలవాడి గేదె దగ్గర పేడ తెచ్చారు. విసిరింది నా చెయ్యే. మూతి వాచిపోయి నెత్తురోడుతున్నా, తిరిగి చూడకుండా బుద్ధిగా లోపలికొచ్చాను.

ఆ తర్వాత నాలుగు నెలలపాటు రోజూ పొద్దున్నే అవ్వ నన్ను వాకిట్లో వెలుతురుకి నిలబెట్టి, పెదవి పైకెత్తి, కొత్తది మొలిచిందేమోనని చూసేది. నెప్పి అంటే లవంగ నూనెలో దూది ముంచి అద్దేది. మిగిలిన సగం ముందు పసుపు తిరిగింది, తర్వాత బూడిదరంగైంది, చివరికి పైన చిగురు మీద పొక్కు లేచి చీము పట్టింది. అప్పుడుగాని నాయనకి రెడ్డియార్‌పాళయంలో పళ్ళ డాక్టరు ఉన్నాడని గుర్తు రాలేదు.

ఆ డాక్టరు మంచివాడే. విరిగిన ముక్క ఏదని ముందు అడిగాడు. పెంకుల మీద ఉందని నాయన చెప్పాడు. పాలల్లో వేసి ఆ పూటే తెచ్చి ఉంటే అతికించేవాణ్ణన్నాడు. ఇప్పటికీ మించిపోలేదనీ, లోపల చచ్చిన నరం తీసి, వేరు శుభ్రంచేసి మందు నింపి, పైన కట్టి నిలబెట్టవచ్చనీ చెప్పాడు. చిన్నపిల్ల కాబట్టి వేరు చివర ఇంకా మూసుకోలేదు, అందుకని అయిదారు సార్లు తీసుకురావాలన్నాడు. లేదంటే పీకేసి ప్లేటు కట్టడం, అది ఒక్కరోజు పని. ఇదంతా నా నోట్లో అద్దం పెట్టి, నా తల మీదుగా నాయనతో చెప్పాడు.

"అన్ని తూర్లంటే కుదరదు సార్, నాకు షిఫ్టు. పీకేయండి. ఆడపిల్ల, నోరు మూసుకునుంటే ఏం తెలస్తాది?"

నన్ను ఒక్కమాట అడగలేదు. పన్ను నాది, నోరు నాది, పదేళ్ళ పిల్లకి కూడా తన నోట్లో ఏముండాలో ఒక ఉద్దేశం ఉంటుందని ఆ గదిలో ఉన్న ఇద్దరు పెద్దమనుషులకీ తట్టలేదు. ఆ సాయంత్రం టౌన్ బస్సులో దూది కరిచిపట్టుకుని నాయన పక్కన కూర్చుని వచ్చాను. ఆ ఏడు బడి వార్షికోత్సవంలో స్వాగతం చెప్పేందుకు నన్ను ఎంచారు. ప్లేటుతో మాట్లాడితే గాలి వస్తోందని, రిహార్సల్ రోజున టీచరు నా కాగితం తీసుకుని వేరే పిల్లకిచ్చింది. పొంగలి పండక్కి అందరూ అరుగు మీద కూర్చుని చెరుకు చీలుస్తుంటే అమ్మ నాకు కత్తితో ముక్కలు కోసి గిన్నెలో పెట్టేది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా అమ్మే నేర్పింది. ప్రేమగానే నేర్పింది, అదే నాకు ఎక్కువ కోపం.

రెండేళ్ళకి బంతి తగిలి అన్న ముందుపన్ను విరిగింది. అమ్మ గ్లాసుడు పాలు తెచ్చి ముక్క అందులో వేసింది. నాయన ఆ మధ్యాహ్నమే లీవు పెట్టి సైకిలు మీద తీసుకుపోయాడు, అతికించిన తర్వాత చూపించడానికి మూడుసార్లు షిఫ్టు మార్చుకున్నాడు. "మొగపిల్లోడు, నలుగుర్లో తిరగాల్సినోడు" అంది అవ్వ. పాలల్లో వెయ్యాలన్న సంగతి వాళ్ళకి నా పన్ను మూలానే తెలిసింది. వాడి మీద నాకు కోపం లేదు. వాడు పిల్లవాడు. కానీ ఇంటిల్లిపాదీ వాడి చుట్టూ చేరి సంతోషపడుతుంటే నేను దొడ్లోకి పోయి ప్లేటు గోడకేసి కొట్టాను. అది విరగలేదు.

సారం డాక్టరమ్మ చిన్నపిల్ల. ఎక్స్‌రే తెర మీద పెట్టి నాకే చెప్పింది, నా వైపు చూసి చెప్పింది. మళ్ళీ ప్లేటు పెట్టుకోవచ్చు. లేదా అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళని అరగదీసి బ్రిడ్జి కట్టుకోవచ్చు. లేదా ఎముకలో స్క్రూ బిగించి దానిమీద పన్ను కట్టించుకోవచ్చు, కాకపోతే ఎముక చాలదు. వేరు లేని చోట ఎముక నిలవదట, ఏళ్ళు గడిచేకొద్దీ కరిగిపోతుందట. ముందు అక్కడ ఎముక నింపి, అది గట్టిపడేదాకా నెలలు ఆగాలి.

బాల్యం గురించి రాసేవాళ్ళు చివర్లో పోయినవన్నీ తలుచుకుంటారు. మా పెంకుటిల్లు పోయి మూడంతస్తుల మేడ లేచింది, బోరింగు పెరికేశారు, మిల్లు సైరను మూగబోయింది. పోతే పోయాయి. నా ఎముక కూడా పోతోందని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

నన్ను స్కూటర్ మీద దింపడానికొచ్చిన అన్న పక్క కుర్చీలో ఉన్నాడు. "ఎందుకు పాపా ఈ తిప్పలు? యాడ తిరగతావు ఇన్ని తూర్లు? ప్లేటే కట్టించేద్దాం" అన్నాడు. నాతో అని, అప్పుడే తేలిపోయినట్టు డాక్టరమ్మ వైపు తలూపాడు.

"నువ్వు ఇంటికి పోన్నా. నేను బస్సులో వస్తా" అన్నాను. వాడు లేచేదాకా ఆగి, ఎముక పని మొదలుపెట్టమని డాక్టరమ్మకి చెప్పాను. ఆమె క్యాలెండరు దగ్గరికి లాక్కుని వేళ్ళు మడిచి చూసుకుంది. అన్నీ కలిపి తొమ్మిదిసార్లు రావాల్సి ఉంటుందంది.

వస్తానన్నాను.