నూటపది వోల్టుల గొంతు

సోమాలియాలోని కిస్మాయోలో దిగేసరికి మధ్యాహ్నం. ఇసుకగాలి. వీపున సంచి, భుజాన రైఫిల్. పక్కనే సముద్రం, తాగే నీళ్లు మాత్రం కొలిచి ఇచ్చేవాళ్లు. తొంభైల మాట ఇది. శాంతిసేనలో మా పని ధాన్యం లారీలకు కాపలా.

మా రేడియో ఆపరేటర్‌ది కుప్పం పక్క పల్లె. నాది పుంగనూరు. సెట్టులో అందరితో హిందీ, నాతో మన మాట.

"ఆడా వాన లేదు, ఈడా లేదు. మనకేం తేడా ఉండాదన్నా?" అనేవాడు.

అమెరికన్ల క్యాంపు దుకాణంలో ఒక అలారం గడియారం కొన్నాడు. మన గొంతు రికార్డు చేసుకుని, పొద్దున ఆ గొంతుతోనే లేపుతుంది. కూతురి కోసం అక్కడే ప్లగ్గు పెట్టి మాట ఎక్కించాడు. ఏం చెప్పావురా అంటే నవ్వాడు.

"అది నాకూ పాపకూ మద్దెలోదిలే."

నెల తిరక్కుండా మలేరియా తలకెక్కి పోయాడు. వెధవ, మాత్రలు చేదని పారేసేవాడు. ఇప్పటికీ కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది.

తిరిగొచ్చి గడియారం అతని భార్యకిచ్చాను. "ఇది నూటపది వోల్టులదమ్మా. మన కరెంటు రెండొందల ముప్పై. ట్రాన్స్‌ఫార్మర్ తెస్తా. అందాకా పెట్టొద్దు."

"అట్లేన్నా," అంది.

ట్రాన్స్‌ఫార్మర్ అడిగితే మదనపల్లె అంగడాయన స్టెబిలైజర్ తీసి ముందు పెట్టాడు. "ఇది చాలదాప్పా?"

"అది ఎచ్చుతగ్గులు సరిచేసేది. నాకు సగానికి దించేది కావాల."

గడియారం వెనకున్న వాట్లు చెబితే పిడికెడంతది చాలన్నాడు. నేను రెట్టింపు మోసేదే తీసుకున్నాను. వేడెక్కకూడదు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

కుప్పంలో బస్సు దిగి ఆ ఇంటికి పోతే కాలిన వాసన. ఆమె తమ్ముడు తల వంచుకుని ఉన్నాడు.

"బోరు మోటార్లు ఆడేటప్పుడు మా ఊర్లో నూటపది గూడా రాదు గదన్నా. బల్బు బుడ్డిదీపం మాదిరి ఉండె. అందుకే పెడ్తి. అక్క వినె, బాగానే పలికె. అంతలో త్రీఫేజు పాయ."

త్రీఫేజు పోయి మోటార్లన్నీ ఒక్కసారే ఆగితే ఇళ్లల్లో కరెంటు అమాంతం పెరుగుతుంది. గడియారం మాడిపోయింది. అతన్ని ఏమనను? వాళ్లకు తెలిసిన కరెంటు అదే. చేతికందింది నోటికందలేదు.

అప్పుడే పాప బడి నుంచి వచ్చింది. మాడిన గడియారం చూసింది.

"నాయన ఏం చెప్పినాడుమా?"

తల్లి పాపను దగ్గరికి తీసుకుంది. తర్వాత గొంతు మందం చేసుకుంది. "లెయ్ బంగారూ. నాయనొచ్చినాడు, కండ్లు తెరిసి సూడు."

అచ్చం వాడే.

పాప చాప మీద పడుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. "ఇంగొకసారి చెప్పుమా."

తల్లి మళ్లీ చెప్పింది. మళ్లీ చెప్పింది. పాప కళ్లు తెరవలేదు. ఫౌజులో ఎన్నో చూశాను గానీ, ఆ మూసుకున్న కళ్లే నన్ను వదలవు.