మంచు దగ్గర వినిపించిన ప్యాకప్

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. అసిస్టెంట్ డైరెక్టర్‌గా బతికినవాడికి అది కుదరదు కూడా. జూబ్లీహిల్స్ బంగళాల్లో దెయ్యానికి తెల్లచీర ఇస్త్రీ చేయించి, సాంబ్రాణి పొగ వేయించి, "అమ్మా, కాస్త ఎడమకి జరగండి" అని బతిమాలినవాణ్ణి నేను. ఆ తర్వాత భయపడమంటే ఎలా?

కాబట్టి దీన్ని దెయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తొంభైల మొదట్లో మాట. మా దర్శకుడికి హీరోయిన్ చేత మంచుగుహ ముందు పాట పాడించాలనిపించింది. చోటు చూసి రమ్మని నన్నూ, అసిస్టెంట్ కెమెరామన్ యాదగిరినీ హిమాచల్ పంపారు. యాదగిరిది రహమత్ నగర్. తన బుల్లెట్‌ని ఢిల్లీ దాకా రైల్లో పార్సిల్ వేసి, అక్కణ్ణుంచి దాని మీదే పోదామన్నాడు. డిగ్రీ చదివిన నేను సరే అన్నాను. చదువుకీ తెలివికీ ఉన్న సంబంధం అంతే.

బయల్దేరే రోజు అతని భార్య గుమ్మం దాకా వచ్చింది. ఆమెకి అప్పుడు ఏడో నెల. "అన్నా, ఈయన ఎనకా ముందు సూడడు. మీరే జర పైలంగ తోల్కరావాలె" అంది. జాగ్రత్తగా తీసుకొస్తానని మాటిచ్చాను. బండి నడిపేది అతను, వెనక కూర్చునేది నేను అన్న సంగతి ఇద్దరం పట్టించుకోలేదు.

ఇక్కడ మా ప్రొడక్షన్ మేనేజర్ రాజుగారి గురించి చెప్పాలి. గోదావరి జిల్లా మనిషి. ఆ రోజుకి షూటింగ్ అయిపోయిందని చెప్పే 'ప్యాకప్' అన్న మాట మా కంపెనీలో ఆయన నోటి నుంచే రావాలి. అదీ ఆయన ధోరణిలో: "ప్యాకప్... పదండి నాన్నా!" తర్వాత తలలు లెక్కపెట్టుకునేవారు. ఒక్క తల తగ్గినా వ్యాన్ కదలదు. ఆ కేక వింటే సర్దుకుని నడవడం మా అందరికీ ఒంటికి పట్టేసింది. ఒకసారి ఒక లైట్‌మాన్ నిచ్చెనతో సహా వ్యాన్ ఎక్కబోయాడు.

మనాలి దాటి, రోహ్తంగ్ కనుమ ఎక్కి దిగి, చంద్రా నది వెంట పోయాం. దాన్ని రోడ్డనడం మర్యాద కొద్దీ. వాగులు రోడ్డు మీదుగానే పారేవి. బూట్లు విప్పి మెడలో వేసుకుని బండిని నెట్టేవాళ్లం. రెండు పక్కలా గడ్డిపోచ లేని బూడిదరంగు కొండలు, వాటి మధ్య నుంచి కిందికి జారి ఆగిపోయినట్టున్న మంచునదులు. నేను ఒక పూటంతా మాట్లాడలేదు. జ్వరమేమోనని యాదగిరి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

ఐదో రోజు పొద్దున బండి రోడ్డు పక్కన ఆపి, రాళ్లలో గంటసేపు నడిస్తే మా గుహ దొరికింది. ఒక మంచునది చివర నీలంరంగు కమాను, దాని కింద నుంచి పారుతున్న నీళ్లు. దర్శకుడు ఎలా చెప్పాడో అలాగే ఉంది.

హీరోయిన్ నిలబడబోయే చోట మాలో ఒకరు నిలబడి ఫోటో తీయించుకోవడం మా పద్ధతి. లేకపోతే ఎత్తు తెలియదు. యాదగిరి ఎర్ర తువ్వాలు ఓణీలా తలకి కప్పుకుని, సరిగ్గా కమాను కింద, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. మీసాలతోనే. దారిలో టీ ఇచ్చినవాణ్ణి అడిగినా అలాంటి మంచు కిందికి పోవద్దనేవాడు. మేం అడగలేదు. మాకు ఫ్రేమ్ తప్ప ఇంకేమీ కనబడలేదు.

నేను కెమెరా కంటికి ఆనించుకున్నాను.

"ప్యాకప్... పదండి నాన్నా!"

వెనక నుంచి వినిపించింది. రోజూ ఎంత గొంతుతో అరుస్తారో అంతే. యాదగిరి తువ్వాలు లాగేసి, కొలతల టేపు చుట్టుకుంటూ కమాను కింద నుంచి వచ్చేశాడు. నేను కెమెరా సంచిలో పెట్టి ముందు నడిచాను. వంద అడుగులు పోయాక ఇద్దరం ఒకేసారి ఆగాం.

"ఏందన్నా, రాజు సార్ గీడికెందుకొస్తడు?" అన్నాడు యాదగిరి.

చుట్టూ చూశాం. మనుషులెవరూ లేరు. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ గడియారం చూసి నోట్‌బుక్‌లో టైం రాశాను: పదకొండూ ఇరవై. రాస్తుండగానే కమాను కూలింది. చప్పుడు కూడా పెద్దగా లేదు, లారీలోంచి కంకర దింపినట్టు. యాదగిరి నిలబడ్డ చోట ఇద్దరు మనుషుల ఎత్తున మంచుగడ్డలు. అతను ఆ ఎర్ర తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇంట్ల చెప్పకు" అన్నాడు.

మంచు పగిలే ముందు రకరకాల చప్పుళ్లు చేస్తుందని తర్వాత ఎక్కడో చదివాను. చేస్తుందేమో. కానీ 'నాన్నా' అనదు.

రెండు వారాల తర్వాత ఫిలిం నగర్ ఆఫీసుకి వెళ్లాం. దెయ్యమనుకుందామంటే రాజుగారు ఎదురుగా కూర్చుని పెసరట్టు తింటున్నారు. మొహం మాత్రం బాగాలేదు. సంగతి పక్కవాళ్లు చెప్పారు. మేం హిమాచల్‌లో ఉండగా జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్, హీరోయిన్ కళ్లల్లో గ్లిజరిన్ వేసుకుని ఏడుస్తోంది, టేక్ మధ్యలో ఈయన ప్యాకప్ అని కేకేశారట. లైట్లు ఆరిపోయాయి. సగంమంది వ్యాన్ ఎక్కేశారు. దర్శకుడు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. రాజుగారు మాత్రం తలలు లెక్కపెట్టి, అందరూ ఉన్నా, ఇద్దరు తక్కువున్నారని వ్యాన్‌కి అడ్డం నిలబడ్డారట.

నేను నోట్‌బుక్ తీశాను. ఆయన సొరుగులోంచి ఆ రోజు రిపోర్టు తీశారు. తేదీ అదే. ప్యాకప్ టైం పదకొండూ ఇరవై. పక్కన 'కారణం' అన్న గడి ఖాళీగా ఉంది.

మేం చెప్పిందంతా విని రాజుగారు చెయ్యి కడుక్కుని వచ్చారు. యాదగిరి తల మీద చెయ్యి పెట్టి "ఒకటి" అన్నారు. నా తల మీద పెట్టి "రెండు" అన్నారు. అప్పుడు కుర్చీలో కూలబడ్డారు.

"ఎందుకరిచానో నాకే తెలీదురా. నువ్వు డిగ్రీ చదివావుగా నాన్నా, ఆ కారణమేదో నువ్వే రాసిపెట్టు. ప్రొడ్యూసర్ గారికి చూపించాలి."

ఆ పాట చివరికి థర్మాకోల్ మంచులో తీశారు. యాదగిరికి కూతురు పుట్టింది. ఆ గడిలో కరెంటు పోయిందనో, హీరోయిన్‌కి తలనొప్పి అనో రాస్తే సరిపోయేది. అలాంటివి చాలా రాశాను. ఆ రోజు మాత్రం పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

రాజుగారు రిటైరయ్యేటప్పుడు ఆ కాగితం నాకే ఇచ్చేశారు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.