మేస్త్రి ఎక్కని చెక్క రైలు

మేస్త్రికి బ్యూనస్ ఐరిస్ వీసా ఇవ్వలేదని కంపెనీలో అందరికీ చెప్పింది నేనే. అది నిజం కాదు. ఆ వీసా రాకుండా చేసిందీ నేనే. ఈ సంగతి ఏడేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు. ఆ ఊరి అందాల గురించి మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూ వచ్చాను.

దుబాయ్ అల్ ఖూజ్‌లో మాది ఎగ్జిబిషన్ స్టాళ్లు కట్టే కంపెనీ. కింద వర్క్‌షాపు, ఇనుప మెట్లెక్కితే ఆఫీసు. నేను కాకినాడ నుంచి వచ్చి ఆ ఆఫీసులో వీసాలు, టిక్కెట్లు, ఉత్తరాలు చూసేవాణ్ని. మేస్త్రిది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే ఆరేళ్లు పెద్ద. చెక్కను అరచేత్తో ఒక్కసారి నిమిరి, ఎక్కడ ఎత్తుగా ఉందో చెప్పేవాడు. అతను సరే అంటేనే ఏ స్టాలైనా మా గేటు దాటేది.

2012లో దక్షిణ అమెరికాలో, బ్యూనస్ ఐరిస్‌లో, స్టాలు కట్టే పని మొదటిసారి వచ్చింది. ఇద్దరు వెళ్లాలన్నాడు ముదీర్. మా మేనేజరును అందరం అలాగే పిలిచేవాళ్లం. కాగితాలకు నేను, కట్టడానికి మేస్త్రి. పని అయ్యాక మూడు రోజులు ఊరు చూసి రమ్మన్నాడు.

ఇక మా మధ్యాహ్నాలు మారిపోయాయి. భోజనం అవగానే నేను ఆ ఊరి ఫొటోలు ప్రింటు తీసి కిందికి తెచ్చేవాణ్ని. మేస్త్రి వాటిని తన పనిబల్ల పైన ప్లైవుడ్ ముక్కకు అంటించేవాడు. విశాలమైన రోడ్డు మధ్య తెల్లటి రాతిస్తంభం. రేవు పక్కన రంగురంగుల రేకుల ఇళ్లు. నాటకశాలను మార్చి పెట్టిన పుస్తకాల దుకాణం. అన్నిటికంటే అతనికి నచ్చింది ఆ ఊరి పాత మెట్రో రైలు.

"సార్, గీ రైలు మొత్తం కట్టెదేనా?"

"పెట్టెలన్నీ చెక్కవే. నూరేళ్ల నాటివట. ఇప్పటికీ భూమి కింద తిరుగుతున్నాయి."

"నూరేండ్ల కట్టె గట్ల ఉరుకుతున్నదా! మన స్టాలు మూడు దినాలకే మూలుగుతది."

పక్కన పాలిష్ పెడుతున్నవాడు అందుకున్నాడు. "మేస్త్రీ, ఆడికి పోయి రైలు ఎక్కుతవా, రిపేర్ జేస్తవా?"

"ముందుగాల ఎక్కుత. సప్పుడు నచ్చకుంటె దిగి రిపేర్ జేస్త. నువ్వు ఆ బ్రష్షు చూస్కో, కారుతున్నది."

ఇద్దరి వీసా కాగితాలూ నేనే పంపాను. నాది వచ్చింది. మేస్త్రి ఫైలు ఒక చీటీతో ఎంబసీ నుంచి తిరిగొచ్చింది. గల్ఫ్‌లో మామూలుగా జరిగేదే జరిగింది. మొదట్లో అతన్ని తెచ్చినప్పుడు కంపెనీ దగ్గర హెల్పర్ వీసా ఒక్కటే ఖాళీగా ఉండింది, దాని మీదే వచ్చాడు. పదకొండేళ్లయినా లేబర్ కార్డులో హెల్పరే. నేనేమో ఉత్తరంలో గొప్పగా 'చీఫ్ కార్పెంటర్' అని రాశాను. రెండూ సరిపోలడం లేదు, సరిచేసి మళ్లీ పంపండి అని ఆ చీటీలో ఉంది. అంతే. వద్దనలేదు. ఉత్తరంలో ఒక్క మాట మార్చి ముదీర్ సంతకం తీసుకుంటే అరగంట పని. ముదీర్ పక్క గదిలోనే ఉన్నాడు.

ఆ ఉదయమే హోటలు నుంచి జవాబు వచ్చింది. పది రోజులకూ ఇద్దరికి కలిపి ఒకే గది. నాకు మేస్త్రి పొద్దున్నే గట్టిగా గొంతు సవరించుకోవడం గుర్తొచ్చింది. అతను కూర్చున్నచోటల్లా రాలే రంపపు పొట్టు గుర్తొచ్చింది. క్లయింటు భోజనానికి పిలిస్తే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏమని పరిచయం చేయాలి అనుకున్నాను. వర్క్‌షాపులో అతనితో ముచ్చట్లు నాకు ఇష్టమే. ఆఫీసు మనిషిగా బయటికి వెళ్లినప్పుడు మాత్రం నా పక్కన అతనుండటం ఇష్టం లేకపోయింది. ఆ మాట నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఫైలును సొరుగులో పెట్టాను. రేపు చూద్దామనుకుంటూ గడువు దాటించాను.

మేస్త్రికి వీసా రాలేదని చెబితే ముదీర్ ఒక్క క్షణం ఆలోచించి, "ఖలాస్, అక్కడ ఎవరినైనా పెట్టుకో" అన్నాడు. నేను కిందికి దిగాను.

"హెల్పర్లకు ఇవ్వరట మేస్త్రీ."

చెక్క నునుపు చేస్తున్న రందా అతని చేతిలో ఆగింది. "ఇయ్యరా? గంతేనా మన కత!" అని నవ్వబోయి, తిరిగి పనిలో పడ్డాడు. నేను బయల్దేరే రోజు ఒక కాగితం నా జేబులో పెట్టాడు. మేము చూద్దామనుకున్నవన్నీ అందులో వరసగా రాసి ఉన్నాయి.

"మీరన్నా సూసి రాండ్రి సార్. ఆ రైల్ల కూసున్నంక కండ్లు మూసుకొని ఇనుండ్రి. కట్టె మాట్లాడుతది."

అక్కడ అది నవంబరు. వీధుల నిండా ఊదారంగు పూలు. హోటల్లో పక్క మంచం మీద దుప్పటి మడత పది రోజులూ నలగలేదు. స్టాలు కట్టడానికి దొరికిన ముసలి వడ్రంగి మా పలకల అంచులు తడిమి, ఇవి చేసినవాడేడి అన్నట్టు వేళ్లు ఆడించాడు. దుబాయ్‌లో ఉన్నాడని సైగ చేశాను. క్లయింటు విందులో నా పక్కన ఆ ముసలాయనే కూర్చున్నాడు. చేతుల మీద పొట్టు అలాగే ఉంది. అందరూ ముందు ఆయనతోనే చెయ్యి కలిపారు.

మిగిలిన మూడు రోజులూ మేస్త్రి కాగితం పట్టుకుని తిరిగాను. రాతిస్తంభం ఉన్న రోడ్డు దాటడానికి రెండు సిగ్నళ్లు పట్టింది. ఒక శ్మశానానికి వెళ్లాను. సమాధులు చిన్న చిన్న ఇళ్లలా వీధులు వీధులుగా ఉన్నాయి, గుమ్మాల్లో పిల్లులు ఎండ కాచుకుంటున్నాయి. రేకుల ఇళ్లకు ఒకప్పుడు ఓడలకు వేయగా మిగిలిన రంగులు వేసేవారట. అందుకే ఒక్కో గోడ ఒక్కో రంగు. ఆదివారం సంతలో పాత గడియారాలు, తలుపు పిడులు రాళ్ల వీధి పొడవునా పరిచారు. పుస్తకాల దుకాణంలో పూర్వపు రంగస్థలం మీద కాఫీ తాగాను.

చివరి రోజు చెక్క రైలు ఎక్కాను. చెక్క బల్లల సీట్లు, గోడలకు అద్దాలు, పూల ఆకారంలో దీపాలు. తలుపును ఎక్కేవాళ్లే చేత్తో తెరుచుకోవాలి. కళ్లు మూసుకున్నాను. మలుపు తిరిగినప్పుడల్లా పెట్టె మొత్తం కిర్రుమంటూ ఒళ్లు విరుచుకుంది. అంత దూరం వెళ్లి చూసిన వాటన్నిటిలో నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తున్నది ఆ చప్పుడే. అది వినాల్సిన చెవులు నావి కావని ఆ క్షణాన తెలిసింది.

తిరిగొచ్చాక నాలుగు శుక్రవారాలు మేస్త్రి ఆ ఊరంతా నాతో చెప్పించుకున్నాడు. "సీటు పలకల నడుమ సందెంత? తలుపు లోపటికా, పక్కకా? మలుపుల సప్పుడు కింద నుంచా, మీద నుంచా?" నాకు తెలియనివి కల్పించి చెప్పాను. ఆ మాటలతోనే అతను మిగిలిపోయిన పల్చటి వీనీరు చెక్క ముక్కలతో జానెడు రైలు పెట్టె చేసి నా బల్ల మీద పెట్టాడు. తలుపు నిజంగా జరుగుతుంది. 2013 జనవరిలో ఆ పాత పెట్టెలను పట్టాల మీంచి తీసేశారని చదివాను. ఆ వార్త కూడా అతనికి చెప్పలేదు.

మరో రెండేళ్లకు యూరప్‌లో పని పడింది. ముదీర్ మళ్లీ మేస్త్రి పేరే చెప్పాడు. ఈసారి అన్నీ సరిగ్గా చేయాలని దరఖాస్తు పట్టుకుని కిందికి వెళ్లాను.

"వద్దు సార్. హెల్పర్‌కు ఇయ్యరు కద. ఒకపారి అనిపించుకున్న, సాలు." సంతకం పెట్టలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. ఇంకొకరి పేరు రాసుకుని మెట్లెక్కాను. ఆ తర్వాత ఏ ప్రయాణానికీ అతను పేరు ఇవ్వలేదు.

2019లో మేస్త్రి మోకాళ్లు మొండికేశాయి. వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి వెళ్లిపోతానన్నాడు. మా అందరి పాస్‌పోర్టులూ ఆఫీసు బీరువాలోనే ఉండేవి. అతనిది తీస్తుంటే ఆ పాత చీటీ అట్టలోంచి జారింది. నేనే దాచి మరిచిపోయాను. ఉదయం పదిగంటలప్పుడు మేస్త్రి పైకొచ్చాడు. నా బల్ల మీద రైలు పెట్టె తలుపు ఒకసారి జరిపి చూసుకుని కూర్చున్నాడు. పాస్‌పోర్టుతో పాటు చీటీ కూడా అతని ముందు పెట్టి, అందులో ఏముందో తెలుగులో చెప్పాను. ఒకే గది సంగతి, సొరుగు సంగతి, ఆ రైళ్లు ఇప్పుడు లేవన్న సంగతి కూడా.

అతను చీటీని అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"అయితే వాళ్లు నన్ను వద్దనలే."

"అనలేదు."

"మీరన్నరు."

"అవును. నేనే అన్నాను."

"నేను ఇంటికాడ సుత చెప్పుకున్న సార్, హెల్పర్‌ను గద, రానియ్యలేదని."

'మేస్త్రీ' అని నోటిదాకా వచ్చింది. లేచి నిలబడ్డాను.

"అన్నా, నీ పక్కన నడవడానికి సిగ్గుపడి నువ్వు చూడాల్సిన ఊరిని నీకు లేకుండా చేశాను. దాన్ని తిరిగి తెచ్చివ్వలేను. తప్పు నాది. క్షమించు."