చేప కాదు, చేపుతది

మా మేనత్త పోయింది. మామ నాకు ఆ మాట అలా చెప్పలేదు. పొద్దున్నే ఫోన్ చేసి, "బిడ్డా, మీ అత్త లేస్తలేదు" అన్నాడు. వెనక బర్రెలు అరుస్తున్నాయి. ఆ వేళకు అత్త పాలు పిండేసి, క్యాను పాలకేంద్రానికి పంపేసి ఉండాలి. ఆ అరుపులు వినగానే నాకు సంగతి అర్థమైంది. నిద్రలోనే గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఇంకో నెలలో మేమిద్దరం తిమింగలాన్ని చూడటానికి శ్రీలంక వెళ్ళాల్సి ఉంది.

సురంగల్‌లో బర్రెలు పెట్టుకుని బతికే మనిషికి తిమింగలంతో ఏం పని అని మీరు అడగొచ్చు. మామ కూడా అదే అడిగాడు. తప్పంతా నా ఫోనుది. ఒక ఆదివారం మోకిల నుంచి వాళ్ళింటికి వెళ్ళి వాకిట్లో కూర్చుని ఏదో వీడియో చూస్తుంటే, అత్త పేడతట్ట చేతిలో పట్టుకునే వంగి చూసింది. ఫోనులో తిమింగలం నీళ్ళ పైకొచ్చి బుస్సుమని ఊపిరి వదిలింది.

"ఏందది, పొగనా?"

"ఊపిరి అత్తా. గాలి పీల్చుకోనీకి పైకొస్తది."

"చేపకు గాలెందుకు?"

"అది చేప కాదు. పిల్లను కని పాలిస్తది."

అత్త తట్ట కింద పెట్టేసింది. "పాలిస్తదా? నీళ్ళల్లనా? మరి పిల్ల నోట్లెకు ఉప్పునీళ్ళు పోవా?"

నాకు తెలియదు. ఇద్దరం కలిసి వెతికాం. పిల్ల వచ్చి మూతితో తల్లి పొట్టను పొడుస్తుందట, అప్పుడు తల్లే పాలు చిమ్ముతుందట. అత్త మొహం విప్పారింది. "అంటే చేపుతది" అంది.

పాడి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. దూడ మూతి తగలగానే బర్రె పొదుగులోకి పాలు దిగుతాయి. దాన్నే మావాళ్ళు చేపడం అంటారు. చేపని బర్రె దగ్గర ఎంత లాగినా చుక్క రాదు. అత్తకు లోకంలో ఇంతకన్నా పెద్ద విషయం లేదు. ఆ రోజు నుంచి ఆ జంతువును చేప అంటే ఊరుకునేది కాదు. మామ కావాలనే అనేవాడు.

"చేపను చూడనీకి లంక దాక పోవాల్నా? మన గండిపేట్ల లేవా చేపలు?"

"చేప కాదు, చేపుతది" అని అత్త అన్నం వడ్డిస్తూనే దిద్దేది. నవ్వేది కూడా కాదు.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. నేను ఆఫీసులో ఉన్నా సరే ఫోన్ చేసేది. దాని పాలు వెన్నలా గట్టిగా ఉంటాయని చెబితే, "గా పాలు మన కేంద్రంల పోస్తే ఫ్యాటు సూసే మిషను ఖరాబైతది" అని ఆ రోజంతా నవ్వుకుందట. నిద్రలో సగం మెదడే పడుకుంటుందని, మిగతా సగం ఊపిరి కోసం మేలుకుని ఉంటుందని చెబితే మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఈనెటందుకున్న బర్రె ఇంట్ల ఉంటే నేను గట్లనే పండుకుంట" అంది. నేను చదువుకున్నదాన్నే గానీ ఏ జంతువు గురించీ ఇన్ని అడగాలని నాకు తోచలేదు. ఆమె అడుగుతుంటే నాకూ ఆకలి లాంటిదేదో పుట్టింది. నిజంగా పోదామా అని ఒకరోజు నేనే అన్నాను.

"పోదాం గని, నాకు బస్సే పడదు కద" అంది.

అసలు చిక్కు అదీ. బస్సెక్కితే రెండో స్టేజీలోనే ఆమెకు వాంతులు. అందుకే పెళ్ళిళ్ళకైనా చావులకైనా మామ బండి వెనక కూర్చుని వెళ్ళగలిగినంత దూరమే వెళ్ళింది. సముద్రం చూడలేదు. అలాంటి మనిషి సముద్రం మధ్యలో పడవలో కొన్ని గంటలు కూర్చోవాలి. డాక్టరు గోలీలు రాసిచ్చాడు. అత్తకు గోలీల మీద నమ్మకం లేదు. అలవాటు చేస్తే ఏ గొడ్డయినా వింటుంది, కడుపెందుకు వినదు అని ఆమె వాదన.

సురంగల్ దగ్గరి హిమాయత్‌నగర్ నుంచి చేవెళ్ళ వైపు పోయే షేర్ ఆటోల్లో వెనక్కి తిరిగి ఉండే సీటు ఒకటి ఉంటుంది. ఎవరూ ఇష్టపడి ఎక్కరు. అత్త ఏరి కోరి అందులో కూర్చోవడం మొదలుపెట్టింది, ముక్కు దగ్గర నిమ్మకాయ పట్టుకుని. మొదటిసారి నేనూ తోడు వెళ్ళాను. మొయినాబాద్ రాకముందే ఆటో ఆపించింది. రోడ్డు పక్కన మొహం కడుక్కుంటుంటే డ్రైవరు జాలిపడ్డాడు.

"అవ్వా, ముంగట కూసో. యాడ దిగాలె నువ్వు?"

"యాడ దిగేది లేదు బిడ్డా. మళ్ళ ఎక్కుత, జర గతుకుల మీదికెళ్ళే పోనీ."

అతను నా వైపు చూశాడు. సముద్రం కోసం అని చెప్పాను. అతను ఆటో స్టార్ట్ చేశాడు.

పాలకేంద్రం పని అయ్యాక రోజూ అదే ప్రయాణం. ఊళ్ళోవాళ్ళు లంక పేరు చెప్పి ఆట పట్టిస్తే, "నన్నెవ్వలు ఎత్కపోతలేరు, నేనే టికెట్ తీస్కొని పోతున్న" అనేది. బర్రెలను పక్కింటామె చేతికి అలవాటు చేసింది. ఒక మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా ఫోన్ వచ్చింది. చేవెళ్ళ స్టాండు చప్పుడు వినిపిస్తోంది.

"బిడ్డా, కాలే."

"ఏం కాలే అత్తా?"

"వాంతి. చేవెళ్ళ దాక వచ్చిన, కాలే."

మీటింగులో అందరి ముందూ నవ్వేశాను. అంత సంతోషంగా ఆమె ఏ విషయమూ చెప్పగా నేను వినలేదు.

అంతా కుదిరింది అనుకున్నాక ఇంకో ఫికర్ పట్టుకుంది. పడవలో ఎంతమంది ఉంటారని అడిగింది. చాలామంది ఉంటారు, అలాంటి పడవలు ఇంకా ఉంటాయి అన్నాను. ఆమె మొహం మారింది. బర్రె ఈనితే కొన్నాళ్ళు కొత్తవాళ్ళను కొట్టంలోకి రానివ్వదు ఆమె. కన్ను పడితే చేపదని భయం.

"పిల్లతల్లిని గంతమంది సూస్తే దిష్టి తాకదా?"

"సూడనీకే కద అత్తా మనం పోయేది."

"అందుకే అంటున్న. సూసినోళ్ళమే తియ్యాలె."

సముద్రంలో ఏమీ వేయనివ్వరని చెప్పాను. "ఎయ్య. పడవల నిలబడి చేతితోని తిప్పి, మూట కట్కొని ఇంటికి తెస్త. ఈడ పొయ్యిల ఏస్త" అంది. ఉప్పు, ఎండుమిరపకాయలు చిన్న గుడ్డలో మూటకట్టి, కొత్త సంచిలో శాలువా మడతల మధ్య పెట్టుకుంది.

ఆ సంచి అలాగే ఉండిపోయింది. దినాలయ్యాక టికెట్లు రద్దు చేద్దామని మామకు చెప్పడానికి వెళ్ళాను. నాకు వెళ్ళాలని లేదు. ఆమె ప్రశ్నలు లేకుండా ఆ నీళ్ళ వైపు చూసి ఏం చేయాలో తెలియలేదు. మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన ఆ మూట ఉంది.

"రద్దు చేస్తే, ఆ చేపేదానికి దిష్టి ఎవ్వలు తీస్తరు మరి?" అన్నాడు.

చేప అనలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు. "నాకు పాస్‌పోర్టు ఉన్నది. పార్టీవాళ్ళతోని సింగపూర్ పోదామని తీసిన, పోనేలేదు. నేనొస్త. గని దిష్టి కుడిదిక్కుకెళ్ళి తిప్పాల్నా, ఎడమదిక్కుకెళ్ళా? మీ అత్త నాకు తీసుడే గని, నేనెవ్వలకు తియ్యలే బిడ్డా."

నాకూ సరిగ్గా తెలియదు. ఆమె నన్ను అన్నీ అడిగింది, నేనే ఆమెను ఇది అడగలేదు.

మొన్న స్కూటీ మీద చేవెళ్ళ వైపు వెళుతుంటే నా ముందు ఒక షేర్ ఆటో పోతోంది. వెనక సీటులో, నా వైపు తిరిగి, తెల్ల అంగీ వేసుకుని మామ కూర్చుని ఉన్నాడు. ముక్కు దగ్గర నిమ్మకాయ, కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి. ఆటో గతుకులో పడి లేచింది. మామ కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నిమ్మకాయ పట్టుకున్న చేతిని అడ్డంగా ఊపాడు, కాలే అన్నట్టు.