నిమ్‌పురా మైకు హైజాకు

ఎనభైల చివర్లో, అంటే నాకు ఇరవై రెండేళ్ళున్న ఆ రోజుల్లో, దేశాల మధ్య తగాదాలన్నీ నేను ఎప్పుడు లా పూర్తిచేసి వస్తానా అని కాచుకుని కూర్చున్నాయని నా గట్టి నమ్మకం. (ఇంట్లో ఇంకెవరికీ ఈ నమ్మకం లేదు.) ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మాది రెండు గదుల రైల్వే క్వార్టరు. నాన్నా, మావయ్యా వర్క్‌షాపు సైరను కూతకి వెళ్ళి, సైరను కూతకి వచ్చేవారు. నేనొక్కణ్ణే నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని లోకల్ బండెక్కి కలకత్తా వెళ్ళి చదువుతూండేవాణ్ణి. ఆ ఏడు మా కాలేజీలో వ్యాసాల పోటీ పెట్టారు. విషయం, ఉగ్రవాదాన్ని అంతర్జాతీయ చట్టం ఎలా ఎదుర్కోవాలి. నేను ముప్ఫై రెండు పేజీలు రాశాను. రాసి ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. వీధిలో అమ్మవారి పూజకి ముందురోజు సాయంత్రం, గారెలకి పప్పు రుబ్బుతున్న అమ్మనీ, తలకి నూనె రాసుకుంటున్న మావయ్యనీ కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను.

మావయ్య అంటే అమ్మకి ఆఖరి తమ్ముడు, వర్క్‌షాపులో ఫిట్టరు, మా వీధి పూజా కమిటీకి స్వయంప్రకటిత కార్యదర్శి. సాధారణంగా నేను చదువు మాట ఎత్తితే ఆయనకి నిద్ర ముంచుకొచ్చేది. ఆ రోజు మాత్రం కళ్ళింత చేసుకుని విన్నాడు. విమానాన్ని దారి మళ్ళించడం గురించి హేగ్‌లో దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయని, దారి మళ్ళించినవాడు ఏ దేశంలో దొరికితే ఆ దేశం వాణ్ణి అప్పగించాలి, అప్పగించకపోతే తనే విచారణకి పెట్టాలని నేను గొంతు పెంచి చదువుతూంటే, మధ్యలో ఆపాడు. "అయితే అల్లుడూ, అప్పగించమని ఆల్లు అడిగితే ఈల్లు ఇచ్చీయాలా?" అన్నాడు. సాధారణంగా రెండు దేశాల మధ్య అప్పగింత ఒప్పందం ఉండాలన్నాను. "మనకీ నిమ్‌పురాకీ ఉందేటి?" అని అడిగాడు. నిమ్‌పురా అంటే మా ఊళ్ళోనే గూడ్సు యార్డు పక్కనున్న మరో రైల్వే కాలనీ. నేను పగలబడి నవ్వి, "లేదు మావయ్యా" అన్నాను. పైగా, ఉగ్రవాది అంటే ఎవరో ప్రపంచ దేశాలు ఇంతవరకూ ఒక్క మాట మీదికి రాలేదనీ, ఒకరి కంటికి దుర్మార్గుడు మరొకరి కంటికి పోరాటయోధుడనీ, కొన్ని దేశాలు రాజకీయ నేరమని చెప్పి మనిషిని అప్పగించకుండా తప్పించుకుంటాయనీ ఉచిత సలహా కూడా పారేశాను. ఆయన తలంతా నూనె పట్టించుకుంటూ "బాగుంది, శానా బాగుంది" అన్నాడు. నా వ్యాసానికి వచ్చిన మొదటి మెప్పు అదే కనక నేను చాలా పొంగిపోయాను.

మర్నాడు పదకొండు గంటలకి మా గుమ్మం ముందు ఒక వ్యాన్ రిక్షా ఆగింది. దాని మీద రెండు లౌడ్‌స్పీకరు బాకాలు, ఒక యాంప్లిఫయరు, బ్యాటరీ, వాటి మధ్య బిక్కుబిక్కుమంటూ, ఝపటాపూర్‌లో మైకులు అద్దెకిచ్చే మైక్ దాదా. వ్యాను తొక్కుతున్నది సాక్షాత్తూ మా మావయ్య. సంగతేమిటంటే, మైక్ దాదా మా పూజకి వస్తానని నెల ముందే మాటిచ్చాడు. తరవాత నిమ్‌పురా వాళ్ళు అడిగితే వాళ్ళకీ అదే రోజుకి సరేనన్నాడు. (ఆయన ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. బెంగాలీలో, హిందీలో, మన తెలుగులో కూడా సరేననేవాడు.) ఆ పొద్దున సామానంతా వేసుకుని నిమ్‌పురా దారి పట్టాడని తెలిసి, మావయ్య రోడ్డుకి అడ్డంగా నిలబడి, దాదాని వెనక కూర్చోబెట్టి, హ్యాండిల్ ఇటు తిప్పేశాడు. "హైజాకు!" అన్నాడు నన్ను చూసి, గర్వంగా. ముప్ఫై రెండు పేజీల్లో అంత చక్కగా అర్థమైన ముక్క అదొక్కటే కాబోలు.

అమ్మకి మాత్రం దాదాయే తనంతట తాను మైకు తెచ్చాడని మావయ్య చెప్పాడు. ఆవిడ పాపం ఆకు వేసి పులిహోరా, అల్లప్పచ్చడితో గారెలూ వడ్డించింది. గంట తిరిగేసరికి వీధంతా అమ్మవారి పాటలు మోగిపోతున్నాయి, బందీ అయిదో గారె మీద ఉన్నాడు. నేను పక్కకి పిలిచి, "దాదా, నిన్ను విడిపించే ఏర్పాటు చేస్తాను" అని గుసగుసగా చెప్పాను. ఆయన అటూ ఇటూ చూసి, "ఆమి ఎఖానే భాలో ఆఛి, బాబూ" అన్నాడు. ఇక్కడే బాగుందట. ఇలాంటి బందీ విషయంలో చట్టం ఏం చెబుతుందో నా నోట్సులో ఎక్కడా లేదు.

రెండు గంటలకి నిమ్‌పురా నుంచి, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ అన్న సైకిలు మీద వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. మావయ్య నన్ను ముందుకి తోసి, "ఈడు లాయరు, ఈడితో మాటాడు" అని తలుపు చాటుకి జరిగాడు. నేను గొంతు సవరించుకుని (ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది) రెండు ప్రాంతాల మధ్య అప్పగింత ఒప్పందం లేదనీ, ముందు మాట తప్పింది దాదా కనక ఇది హైజాకు కిందికి రాదనీ, వచ్చినా దాన్ని పూజా కమిటీ రాజకీయ చర్యగా చూడాలనీ దంచేశాను. అన్న నా మాటలు ఓపిగ్గా విన్నాడు. తరవాత నన్ను దాటుకుని వంటింటి వైపు చూసి, "అక్కా" అని పిలిచాడు.

"అక్కా, మా డ్రైవరు పెదనాన్న రిటైరైపోతన్నాడు, ఇయాల ఆఖరి బండి. నాలుగు గంటలకి గూడ్సు యార్డులోకి వస్తాది. దండలూ, పట్టాల మీద పెట్టీ పటాసులూ అన్నీ ఉన్నాయి. మైకు లేదు. మాకు పాటల కోసం కాదక్కా. పెద్దమ్మకి కాలూ సెయ్యీ పడిపోయి మంచం దిగలేదు కదా. ముప్పై ఏళ్ళు ఆయన బండి దిగి వస్తంటే గుమ్మంలో నిలబడ్డాది. ఆఖరిసారి ఆయన మాట యార్డు నుంచి క్వార్టరు దాకా వినబడాలని బాకా అటుకేసి కడదామనుకున్నాం."

అమ్మ చెయ్యి కడుక్కుని బయటికి వచ్చింది. పాటలు ఆపమంది. వీధి ఒక్కసారిగా బోసిపోయింది. "ఒరే తమ్ముడా, బయటికి రా" అంది. మావయ్య వచ్చాడు. "అక్కా, మనకీ నిమ్‌పురాకీ ఒప్పందం..." అని మొదలెట్టాడు. "నోరు మూయి" అంది అమ్మ. "అప్పగించకపోతే మనవే విచారించాలని నిన్న ఈడు సదవలేదా? నాను విన్నాను, పప్పు రుబ్బుతున్నానని సెవుల్లేవనుకున్నారా? విచారించీసినాను. ఆ బండి నిమ్‌పురా దాకా నువ్వే తొక్కు. అమ్మోరికి పాటలు మన ఆడోల్లం నోటితో పాడతాం, ఆవిడేమీ కోప్పడదు." తరవాత నా వైపు తిరిగింది. "ఈ తెలివి ఆడికిచ్చినోడివి నువ్వు. నువ్వు ఎనకనుంచి తొయ్యి." అప్పీలుకి అవకాశం లేని తీర్పు. నాకు సిగ్గుతో మొహం మాడిపోయింది, ఆవిడ మీద గౌరవం కూడా వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఎండలో మావయ్య తొక్కుతూంటే, నల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నేను తోస్తూంటే, మైక్ దాదా పైన కూర్చుని ఆకులో కట్టించుకున్న గారెలు తింటూ "జోరే, ఆరో జోరే!" అని మమ్మల్ని తొందరపెట్టాడు. మేం నిమ్‌పురా చేరేసరికి పట్టాల మీద పెట్టిన పటాసులు ఇంజను చక్రాల కింద పడి పేలడం మొదలైంది. ఇంజను కూత పెడుతూ వస్తోంది. గుంజ పాతి బాకా కట్టే వ్యవధి లేదు. దాదా యాంప్లిఫయరు దగ్గర కూర్చుని నా చేతిలో ఒక బాకా పెట్టాడు. వైరు లాక్కుంటూ పరిగెత్తి, క్వార్టర్ల ప్రహరీగోడ ఎక్కి, పెద్దమ్మ కిటికీ కనిపించేలా దాన్ని భుజం మీద పెట్టుకుని నిలబడ్డాను. మంచాన్ని కిటికీకి ఆనించి వేశారు. ఆవిడ దిండ్లకి చేరబడి, కొత్త చీర కట్టుకుని ఉంది.

డ్రైవరు పెదనాన్న ఇంజను దిగాడు. మొహం నిండా మసి, మెళ్ళో దండలు. ఎవరో మైకు చేతికిచ్చారు. అంతమంది ఆఫీసర్లూ, యూనియనువాళ్ళూ వింటున్నారు. పెద్ద ఉపన్యాసం వస్తుందనుకున్నాం. ఆయన మైకుని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. నా భుజం మీద బాకా గరగరమంది. "ఏమే," అన్నాడు. "వచ్చీసినాను. రేపట్నించి కేరేజీ కట్టక్కర్లేదు." అంతే, మైకు తిరిగి ఇచ్చేశాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఆ గోలలో కిటికీలోంచి వచ్చిన జవాబు విన్నది నేనొక్కణ్ణే. రోజూ గుమ్మంలో నిలబడి అనే మాటే అయ్యుండాలి, కొంచెం ముద్దగా, విసుగు నటిస్తూ అంది. "మసి కడుక్కుని రా, గుమ్మమంతా సెయ్యకు." గోడ మీద, చెమటలో, నాకు ఏడుపొచ్చేసింది. చేతులు ఖాళీ లేక కళ్ళు తుడుచుకోలేకపోయాను. గోడ దిగాక పెదనాన్న దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పాను. "మసి సంగతా?" అని నవ్వి, పంపు దగ్గరికి వెళ్ళి నిజంగానే కడుక్కున్నాడు.

ఆ రాత్రి నా ముప్ఫై రెండు పేజీలూ మళ్ళీ చదివాను. దారి మళ్ళించినవాడున్నాడు, బందీలున్నారు, ప్రభుత్వాలున్నాయి, అప్పగింతలున్నాయి. అవతల ఇంటి దగ్గర కిటికీ పక్కన ఎదురుచూసే మనిషి మాత్రం ఒక్క పేజీలోనూ లేదు. ముప్ఫై మూడో పేజీ కలిపాను. పోటీలో బహుమతి రాలేదు. (ఆఖరి పేజీ విషయానికి సంబంధం లేనిదని పక్కన ఎర్ర సిరాతో రాసి ఇచ్చారు.) దేశాలు కూడా నా కోసం ఆగలేదు. మేదినీపూర్ కోర్టులో క్వార్టరు ఖాళీ కేసులూ, పింఛను కేసులూ వాదించుకుంటూ జుట్టు నెరిపించుకున్నాను. పేపర్లో ఎవడినో ఏ దేశమో అప్పగించనందన్న వార్త వచ్చినప్పుడల్లా, రిటైరైన మావయ్య కళ్ళజోడు పైకి తోసి, "ఏటల్లుడూ, నన్నుగానీ అప్పగించీస్తావేటి?" అని అడుగుతాడు. "ఒప్పందం లేదు మావయ్యా" అంటాను. ఇద్దరం నవ్వుకుంటాం. ఎర్ర సిరా గీత పడిన ఆ ముప్ఫై మూడో పేజీ మాత్రం ఇంకా నా బీరువాలోనే ఉంది. నల్ల ప్యాంటు మడిచి గోడెక్కిన ఆ కుర్రాడు రాసినవాటిలో, కొట్టెయ్యాలని నాకు అనిపించనిది అదొక్కటే.