పెంచలమ్మ గుమ్మడిమడి

అల్లూరుకు తూర్పున, చుట్టూ పొలాలన్నీ రొయ్యల గుంటలైపోగా మిగిలిన అరెకరం పెంచలమ్మవాళ్ళది. అందులో గుమ్మడి వేసేది. తీగ చూస్తే కళ్ళు చల్లబడతాయి. పిందె మాత్రం పసుపుబారి రాలిపోతుంది.

తేనె పట్టే క్రీస్తుదాసును అడిగితే, "తేనెటీగ రావడంలా అక్కా, అది వాలందే పిందె నిలవదు. గుమ్మడి పూసేది నాలుగు వారాలు, మిగతా రోజులు అదేం తిని బతకాల? గట్ల మీద ఏడాది పొడుగునా పూసే చెట్లు పెట్టు. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉంటాయి" అన్నాడు.

ఆ మాట పట్టుకుని పెంచలమ్మ గట్టంతా మందారం, గన్నేరు, నూరువరహాలు నాటింది. సందు సందునా తులసి పెట్టింది. గుంటల పక్కన నీళ్ళు ఉప్పు కదా, ఊళ్ళోంచి బిందెలతో మోసింది. నడుము పడిపోయింది గానీ మొక్కలు ఏపుగా లేచాయి.

రెండేళ్ళయినా ఈగ రాలేదు.

"ఇదే ఆఖరు కాపు మే" అన్నాడు భర్త హజరత్తయ్య. "ఈసారీ కాయ నిలబడకపోతే గుంటకిచ్చేస్తా. ఏడ్చినా విన్ను."

పెంచలమ్మ సరేనంది. అనక ఏం చేస్తుంది? పెళ్ళయి వచ్చిన మర్నాటి నుంచి ఆమె ఎరిగిన దారి ఆ మడి దారొక్కటే. అది పోతే పొద్దున లేచి ఎటు నడవాలో తెలియదు.

గట్టు తొలిసారి పూసిన నాటి నుంచీ ఆమెకు దేవుడే దిక్కు. రోజూ చీకటితోనే తలస్నానం చేసి, గట్టు వెంట విరిసిన పువ్వునల్లా కోసి, బుట్టెడు పూలూ పెంచలస్వామి పటానికి పెట్టి, "స్వామీ, నా మడికి ఈగను పంపవయ్యా" అని ఏడ్చేది. పూల వెన్నులు వేస్తే తులసమ్మకు తల భారమని అత్త చెప్పింది కదా, అవీ గిల్లేసేది. ఒక్క పూట తప్పలేదు మహాతల్లి!

ఒకనాడు పదిగంటలప్పుడు క్రీస్తుదాసు అటు వచ్చి నవ్వాడు. "పూలచెట్లు పెట్టమంటే ఆకుల చెట్లు పెట్టినావేందక్కా?"

"బుట్టలకొద్దీ పూస్తాయి నాయనా. ఈగకే కళ్ళు కనపడ్లా" అంది పెంచలమ్మ. అతను తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆఖరు కాపులోనూ తొలి పిందెలు రాలాయి. హజరత్తయ్య గుంటలవాళ్ళకు మాటిచ్చేశాడు. ఆ వారమే పాలివాళ్ళలో పెద్దాయన పోయాడు. పదకొండు రోజుల మైల. దీపం లేదు, పూజ లేదు, పువ్వు ముట్టరాదు. స్వామి కూడా తలుపు మూసుకున్నాడని పెంచలమ్మ మంచం పట్టింది. మడి వైపే పోలేదు.

మైల తీరిన మర్నాడు గుంట తవ్వే మిషను వస్తుందని తెలిసి, కడసారి చూసుకుందామని ముందుగా వెళ్ళింది. గట్టు ఎర్రగా పూసి ఉంది. తులసి వెన్నుల మీద ఈగలు ముసురుకుని జుమ్మంటున్నాయి. ఆకులెత్తి చూస్తే పిడికిలంత గుమ్మడి పిందెలు, పచ్చగా, గట్టిగా! ఒకటి కాదు, తీగ తీగకూ!

పెంచలమ్మ గట్టెక్కి పరుగెత్తింది. మిషను వెంట వస్తున్న మొగుడికి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"కాయ నిలబడిందయ్యా! పూలన్నీ రోజూ నేనే కోసేసినా. రెండేళ్ళు వాటి నోటికాడ కూడు నేనే లాగేసినా. ఈ ఒక్క కాపు ఆగయ్యా!"

హజరత్తయ్య పిందెల వంక చూశాడు. "మాటిచ్చేసినా మే. నలుగురి ముందు సంతకం పెట్టినా. ఇంక నా చేతుల్లో ఏముండాది?"

మిషను నడిపే ముఖేష్ మంచివాడు. గట్టు చూసి కిందికి దిగాడు. "తులసి చెట్లున్నాయమ్మా. పెరికేముందు దేవుడికి పూలన్నా కోసుకో."

"వద్దు నాయనా" అంది పెంచలమ్మ. "అవి తింటుండాయి. తినేదాకా ఆగు."

ముఖేష్ గంటసేపు ఆగి, మిషను ఎక్కాడు. ఈగలు మాత్రం వస్తూనే ఉన్నాయి.