పెద్దమ్మ నడుము, నా కుడికాలు

పెద్దమ్మ పోయిందని పోయిన వారం పొద్దున్నే సంగం నుంచి ఆమె కొడుకు, మా అన్న ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది రా" అన్నాడు, అంతే. నెల్లూరులో బడికి బయలుదేరుతున్నవాణ్ణి, చెప్పులో పెట్టిన కుడికాలు వెనక్కి తీసుకుని గడప మీద కూలబడ్డాను.

ఆ కాలి సంగతి మీకు చెప్పాలి. నేను ఎదురుకాళ్లతో, అంటే తలకన్నా ముందు కాళ్లు బయటికొచ్చి, పుట్టానట. అలా పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మావైపు నమ్మకం. నాట్ల రోజుల్లో పెద్దమ్మ తనతో నాటే ఆడవాళ్లను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేది. అందరూ వరసగా బోర్లా పడుకునేవాళ్లు. "మావోడి కాలు తగిలితే నొప్పి పెన్న దాటి పోవాల్సిందే" అని నన్ను మునగచెట్టెక్కించేది. ఆనక ఉడకబెట్టిన శెనక్కాయలు జేబు నిండా పోసేది.

డెబ్బై దాటాక ఆమె కాళ్లు తిమ్మిరెక్కి అడుగు పడలేదు. నెల్లూరులో ఆపరేషన్ చేసి, జారిన వెన్నుపూసలను కడ్డీలతో, మరలతో బిగించారు. రెండు నెలలకు నిటారుగా నడిచింది. "ఇనుము పెట్టించుకున్నా గదా, ఇంక పిడుగు పడితే నా మీదే" అని నవ్వేది. ఎముకలు గుల్లబారాయనీ, కొత్తగా నొప్పి వస్తే వెంటనే తీసుకురమ్మనీ డాక్టరు నాతోనే చెప్పాడు. విని తలూపాను.

నొప్పి వచ్చింది, కడ్డీలకు కాస్త పైన. కింద పడలేదు, బరువెత్తలేదు, మంచం మీంచి లేస్తుంటే పట్టేసిందంది. ఆస్పత్రికి పోదామన్నాను.

"మళ్లీ కోస్తారు రా అబ్బయా. ఇది పట్టే. నీ కాలుండగా నాకు ఆస్పత్రెందుకు?" అంటూ గోడ పట్టుకుని మెల్లగా బోర్లా పడుకుంది.

పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి. అయినా కాలు ఆనించాను. మూడుసార్లు, మెత్తగానే. మూడోసారి పళ్లు బిగబట్టి, "హాయిగా ఉండాది" అంది. అబద్ధమని నాకు తెలుసు.

నెల తర్వాత ఎక్స్‌రే తీస్తే, కడ్డీలు ఆగినచోట పై పూస నలిగిపోయి ఉంది. ఎముక గుల్లబారిన పెద్దవాళ్లలో, బిగించిన భాగం కదలక, ఒంటి బరువంతా పక్క పూస మీద పడి ఇలా విరగొచ్చన్నాడు డాక్టరు. "ఎవరైనా తొక్కారా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, "ఎవురూ ముట్టుకోలా సామీ" అనేసింది పెద్దమ్మ.

ఆ తర్వాత ఆమె మంచం దిగలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. దగ్గితే వెన్ను చీలినట్టయ్యేది, దగ్గకపోతే ఊపిరాడేది కాదు. ఒకరోజు ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. "నీ కాలు మంచిదే రా, నా ఎముకే పాతది" అంది. ఆ మాట నన్ను ఓదార్చలేదు, ఇప్పటికీ ఓదార్చడం లేదు.

మీ ఇంట్లో ఇలాంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లుంటే, కొత్త నొప్పిని పట్టు అనుకోకండి. సిగ్గు చంపుకుని ఇదంతా రాస్తున్నది అందుకే.

పెద్దమ్మ పోయిన మూడోనాడు పెన్న ఒడ్డున అన్న ఎముకలు ఏరాడు. బూడిదలో కడ్డీలు, మరలు దొరికాయి. ఒక్కటీ వంగలేదు. "రారా, నువ్వూ ఒకటి ఏరు" అని పిలిచాడు. చెప్పుల్లేని కాళ్లతో నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ ఇసకలో ఇంకా ఏ చిన్న ఎముక ఉందో, దాని మీద నా కాలు పడుతుందేమోనని ఉన్నచోటే నిలబడిపోయాను.